తిరగవాత పెట్టని గిన్నె

కొత్తచెరువు,
ఉగాది మర్నాడు.

అక్కకు,

మందుల డబ్బా మన అంగడిలోనే కట్టాను, ఈ జాబుతో పాటే బస్సు పార్సిల్లో వస్తుంది. ఫోన్లో చెబితే సరిపోదా అని నీ మరదలు పద్మజ నన్ను చూసి నవ్వుతోంది. ఫోన్లో నువ్వు అన్నిటికీ "ఊ, ఊ" అంటావు. పెట్టేశాక "ఏం చెప్పినాడే వాడు?" అని కోడల్ని అడుగుతావు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నాయన నీ చేతే కదా నాకు జాబులు రాయించింది! అప్పటి నుంచీ నీకు కాగితం మీద అక్షరమైతేనే బుర్రకెక్కుతుంది.

మొన్న పెళ్ళిలో పంక్తి భోజనం నుంచి లేవలేక నువ్వు ఇద్దరి భుజాలు పట్టుకున్నప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. "వయసు మీద పడింది లేరా" అని నవ్వేశావు. అనంతపురం డాక్టరమ్మ చెప్పింది వయసు గురించి కాదు. ఒంట్లో డి విటమిన్ అడుగంటిందని, అందుకే ఎముకలూ కండరాలూ గుంజుతున్నాయని చెప్పింది. రక్తం కూడా తక్కువగా ఉందట. రెండూ మందుతో సరయ్యేవే. కాకపోతే ఈ మందులకు ఒకదానికొకటి పడదు, మన పెద్దనాయన కొడుకుల మాదిరి. అన్నిటినీ ఒకే పూట కూర్చోబెట్టకూడదు.

ఎర్ర మాత్ర ఐరన్‌ది. పొద్దున పరగడుపున నిమ్మకాయ పిండిన నీళ్ళతో వేసుకో. పులుపు తోడుంటే అది ఒంటికి బాగా పడుతుంది. కాఫీ, టీ మాత్రం దాని దరిదాపులకు రాకూడదు. లేస్తూనే నీకు కాఫీ పడాలని నాకు తెలుసు. కాసేపు ఓర్చుకో, చచ్చిపోవులే. కడుపులో తిప్పినట్లుంటే ఏదైనా కాస్త తిని వేసుకో, పాలూ పెరుగూ వద్దు. తెల్ల మాత్ర క్యాల్షియం. అది రాత్రి సంగటి తిన్నాక. ఆ రెండూ కలిపి మింగావంటే ఎర్రదాన్ని తెల్లది లోపలికి సరిగా పోనివ్వదు.

ఇక పొడి ప్యాకెట్లు. డి విటమిన్ ఇదే. వారానికి ఒక్కటే, రోజూ కాదు. ఎక్కువైతే అదో రోగం. ఇది నూనెలో, నెయ్యిలో కరిగే మందు. అందుకని కడుపు నిండా తిన్న పూట, నూనో నెయ్యో తగిలిన భోజనం అయ్యాకే వేసుకోవాలి. శెనక్కాయలు పండించే ఇంటికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలా?

డబ్బా బావ చేతికి ఇవ్వొద్దు. ఆయన అన్నీ పిడికెడు చేసి ఒకేసారి మింగమంటాడు. సర్పంచిగా చేసినప్పటి నుంచీ దేన్నైనా ఒక్క సంతకంతో తేల్చేయడం ఆయనకు అలవాటైపోయింది.

నీ తమ్ముడు
దేవేంద్ర


బెళుగుప్ప,
శ్రీరామనవమి వెళ్ళినాక.

దేవేంద్రా,

డబ్బా చేరింది. మీ బావ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, "ఇన్ని మందులు మింగితే మనిషి ఎట్ల బతుకుతాదే?" అన్నాడు. నీ మీద ప్రేమ లేక కాదు. సాయంత్రం టీ అంగడి దగ్గర "మా బామ్మర్ది డాక్టరుకంటే ఎక్కువప్పా, ఏది ఎప్పుడు ఏసుకోవల్లో రాసి మరీ పంపిస్తాండాడు" అని అందరికీ చెప్పుకున్నాడంట.

నువ్వు రాసినట్లే వేసుకుంటున్నాను. ఎర్ర మాత్ర నిమ్మకాయ నీళ్ళతోనే. కాఫీ వాసన వస్తే ప్రాణం లాగుతుంది, అయినా పొద్దు పైకెక్కేదాకా ముట్టడం లేదు. తెల్లది రాత్రి. పొడి ప్యాకెట్‌కు శనివారం పెట్టుకున్నాను. మిగతా రోజులైతే మరిచిపోతాను. శనివారం తలకు పోసుకుని దీపం పెడతాను కాబట్టి గుర్తుంటుంది. ఆంజనేయస్వామి వారం, మందుకూ బలం వస్తుంది.

కోడలు హేమ బడిలో ఉద్యోగానికి పోతుంది కదా, వంట ఇప్పటికీ నాదే. అందరికీ పెట్టి, చివర్లో ఒక్కదాన్నే తింటున్నాను. నెమ్మదిగా నమలాలి, అందుకని.

ఆ పెళ్ళిలో నన్ను లేపినప్పుడు వెనక పంక్తిలో ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. నువ్వు వినలేదు. నాకు ఇంకా చెవుల్లో ఉంది. నేలమీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచేదాకా నేను ఏ పెళ్ళికీ రాను. పద్మజకు చెప్పు, వాళ్ళ అన్న కొడుకు పెళ్ళికి నా కోసం చూడొద్దని.

అక్క
బయమ్మ


కొత్తచెరువు,
ఎండలు మండుతున్న రోజులు.

అక్కా,

హేమ పంపిన రిపోర్టు చూశాను. రక్తం చక్కగా పెరిగింది. కాఫీకి ఓర్చుకున్నందుకు నీకు దండం పెట్టాలి! కానీ డి విటమిన్ కదిలీ కదలనట్లుంది. ఇన్ని వారాలు వాడాక అలా ఉండకూడదు.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. పొడి ఏ పూట వేసుకుంటున్నావు? ఏం తిన్నాక? నూనె తగిలిన భోజనమేనా? అరగడం ఏమైనా తేడాగా ఉందా? డాక్టరమ్మ అడిగితే "చెప్పినట్లే వేసుకుంటాండా మేడం" అన్నావట. ఆమెకూ అంతు పట్టక మళ్ళీ అదే రాసింది.

వేరే పెట్టెలోంచి కొత్త డబ్బా పంపుతున్నాను. మొదటిది బస్సులో ఎండకు దెబ్బ తిన్నదేమోనని నాకు అనుమానం. అంగడి పెట్టిన నాటి నుంచీ మందు మీద అనుమానం రావడం ఇదే మొదలు. జవాబు వెంటనే రాయి.

దేవేంద్ర


బెళుగుప్ప,
మృగశిర కార్తె.

దేవేంద్రా,

అన్నం తిన్నాకే వేసుకుంటున్నాను. అందరూ తినేదే నేనూ తింటున్నాను. ఇంతకంటే ఏం రాయాలి? పోలీసోళ్ళు అడిగినట్లు అడిగినావు.

ఇక్కడ గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి గానీ చినుకు లేదు. విత్తనం శెనక్కాయలు వలిచి పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాం. వాన రాకపోతే మీ బావకు కోపం వస్తుంది. ఆ కోపానికి ఒక మనిషి కావాలి. ఈసారి నువ్వు దొరికినావు. "మాత్రలకు రక్తం పెరిగింది గదా, పొడికేం రోగం? పొడి దొంగది. వానికి ఎవరో అంటగట్టినారు, లేకుంటే వానికే తెలుసు" అంటున్నాడు. నేను ఎదురు చెప్పలేదు. ఆ పూట తలనొప్పిగా ఉండింది.

సంతనాడు పని మీద మీ పక్కకు వస్తాడంట. అన్నం పెట్టి పంపించు. కడుపు నిండితే ఆయన మంచోడే.

అక్క


కొత్తచెరువు,
సంత మర్నాడు.

అక్కా,

బావ వచ్చాడు. అన్నం తినలేదు.

అంగడి ముందు సంత జనం కిక్కిరిసి ఉన్నారు. నేను లేచి "రా బావా" అన్నాను. ఆయన సంచిలోంచి పొడి ప్యాకెట్లు తీసి బల్ల మీద విసిరికొట్టాడు. "ఏమప్పా దేవేంద్రా, సుద్దపిండి అమ్ముకుంటాండావా? తోడబుట్టిన దానికే సుద్దపిండి పెట్టినోనివి, ఈ జనానికి ఏం పెడతాండావో!" అన్నాడు. సర్పంచి గొంతు కదా, బస్టాండు దాకా వినబడి ఉంటుంది. అప్పుడే బీపీ మాత్రలు కొన్న ఒక ముసలామె చేతిలోని కవరు వైపు చూసింది, నా వైపు చూసింది, కవరును మెల్లిగా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది. అక్కా, బావ తిట్టిన తిట్లు మరిచిపోగలను గానీ ఆమె ఆ కవరు పెట్టిన తీరు మరిచిపోలేను.

ఎవడో ఫోన్లో తీశాడు. సాయంత్రానికి అది అన్ని గ్రూపుల్లోకీ ఎక్కింది. పద్మజ పుట్టింటివాళ్ళు చూసి ఫోన్ చేశారు. ఈరోజు అంగడికి వచ్చినవాళ్ళు మందు కొనడానికి కాదు, నా ముఖం చూడడానికి వచ్చారు.

నేను చేసిన పాడుపని కూడా చెప్పాలి. ధర్మవరం నుంచి ఏజెన్సీ సరుకు తెచ్చే పుల్లన్న ఆ సమయానికి అంగడిలోనే ఉన్నాడు. బావ అరుస్తుంటే నాకు తల తిరిగిపోయింది. పుల్లన్న చొక్కా పట్టుకుని "నువ్వే గదా నాకు దొంగ సరుకు అంటగట్టినావు" అని నేనూ అరిచాను. జనం కళ్ళు నా మీద నుంచి అతని మీదికి పోవాలని. పోయాయి కూడా. అతను చొక్కా సర్దుకుని బండి ఎక్కాడు. ఏజెన్సీ వాళ్ళు అతన్ని ఈ పక్క లైను నుంచి తీసేశారని ఇప్పుడే తెలిసింది.

నువ్వు నేను రాసినట్లే వేసుకున్నావు. నీ మాట నిజమైతే నా మందు దొంగది కావాలి. నేను నీ మాటే నమ్మాను. ఉన్న పెట్టెలన్నీ వెనక్కి పంపేశాను.

ఫోన్ చేయకు. ఎత్తితే నీ వెనక బావ గొంతు వినబడుతుంది. రాస్తే హేమ పనిచేసే బడి అడ్రసుకు రాస్తాను.

దేవేంద్ర


బెళుగుప్ప,
తొలి ఏకాదశి.

తమ్ముడా,

హేమ ఆ వీడియో నాకు చూపించింది. చూపించొద్దని దాచుకుంది గానీ నేనే అడిగి చూసినాను. అందులో నీ ముఖం కనబడింది. చిన్నప్పుడు నాయన జేబులోంచి దుడ్లు పోతే నువ్వు తీయకపోయినా నిన్నే కొట్టినాడు చూడు, అప్పటి ముఖం అది.

మీ బావ ఇంటికొచ్చి "వానికి బుద్ధి చెప్పినా" అన్నాడు. ఆ మాట అంటూనే నా వైపు చూసినాడు, మెచ్చుకుంటానేమో అని. నేను లోపలికి పోయినాను.

నీకు ఒక మాట రాయాలని మొదలుపెట్టి కొట్టేసినాను. మళ్ళీ రాసి మళ్ళీ కొట్టేసినాను. పైన సిరా మరకలు కనబడుతున్నాయి కదా, అవే. చెప్పకూడని మాటలు కొన్ని ఉంటాయి, చెబితే ఫలం పోతుంది. నువ్వు మంచోడివని నాకు తెలుసు. అంతవరకే రాయగలను.

పుల్లన్న సంగతి చదివినాక అన్నం సహించలేదు.

అక్క


కొత్తచెరువు,
ఆషాఢం చివర.

అక్కా,

నువ్వు కొట్టేసిన మాట ఎండకు పెట్టి చూశాను. చదవడానికి కుదరలేదు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. పద్మజకు కూడా ఆ విటమిన్ తక్కువే. నీకు మొదటి డబ్బా పంపినప్పుడే, అదే పెట్టెలోంచి, తనకూ మొదలుపెట్టాను. నిన్న ఆమె రిపోర్టు వచ్చింది. చక్కగా పెరిగింది. అంటే నా మందులో దోషం లేదు. పుల్లన్న సరుకులోనూ లేదు.

ఈ రిపోర్టు ఫోటో తీసి అదే గ్రూపుల్లో పెడితే నా అంగడి నిలబడుతుంది. పద్మజ రోజూ పెట్టమనే అంటోంది. వచ్చే జనం సగానికి సగం తగ్గారు, ఉన్నవాళ్ళు కూడా మందు తీసుకుని తిప్పి తిప్పి చూస్తున్నారు. కానీ ఆ ఫోటో పెట్టగానే జనం ఇంకో మాట అడుగుతారు. మరి వాళ్ళ అక్కకు ఎందుకు పని చేయలేదు, అని. దానికి జవాబు నా దగ్గర లేదు, నీ దగ్గరుంది. నిన్ను నలుగురి నోళ్ళలో పెట్టడం ఇష్టం లేక ఊరుకున్నాను.

నాయన మీద ప్రమాణం చేయమని అడగను. మనసుకు తోస్తే రాయి, లేకపోతే మానెయ్యి. నీ మాట నమ్మి నా మందును అనుమానించాను. ఇక మీదట దేన్ని నమ్మాలో నాకు తెలియడం లేదు.

దేవేంద్ర


బెళుగుప్ప,
శ్రావణ మాసం, మూడో శనివారం వెళ్ళిన సోమవారం.

దేవేంద్రా,

ఈ జాబు నేను ఎప్పుడో రాయాల్సింది. నా మొండితనం వల్ల ఇంతదాకా వచ్చింది.

ఆ పెళ్ళిలో ఆ ఆడమనిషి నవ్విన రోజే ఇంటికొచ్చి కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. కింద కూర్చుని నా అంతట నేను లేచేదాకా నూనె, నెయ్యి ముట్టను, శనివారం ఒక్కపొద్దుంటాను అని. మొక్కు నోటితో బయట పెడితే ఫలం పోతుందని మా అత్త చెప్పేది. అందుకని ఎవరికీ చెప్పలేదు. వంట నాదే కాబట్టి ఎవరికీ తెలియలేదు కూడా. పప్పు ఉడికినాక, నూనెతో తిరగవాత పెట్టకముందే, నా వంతు ఒక గిన్నెలోకి తీసి పక్కన పెట్టుకునేదాన్ని. పాలూ పెరుగూ కూడా వెన్న ఉంటుందని మానేసినాను. అందరూ తిన్నాక ఆ గిన్నె ముందు పెట్టుకుని ఒక్కదాన్నే తినేదాన్ని. శనివారం పొద్దున తలకు పోసుకుని, దీపం పెట్టి, కాలీ కడుపున ఆ పొడి నీళ్ళలో కలుపుకుని తీర్థం మాదిరి తాగినాను.

నువ్వు మొదటి జాబులోనే రాసినావు, నూనె తగిలిన భోజనం అయ్యాకే అని. నేను చదవలేదని అనను. చదివినాను. ఎర్ర మాత్రకు నిమ్మకాయ, కాఫీ అన్నావు, అవన్నీ పాటించినాను. ఆ ఒక్క మాట మాత్రం దాటేసినాను. నూనె లేకపోతే ఏమంత తగ్గుతుందిలే, తక్కువైంది స్వామి చూసుకుంటాడులే అనుకున్నాను. నువ్వు మళ్ళీ అడిగితే అబద్ధం రాసినాను. డాక్టరమ్మతోనూ అదే అబద్ధం. మీ బావ "పొడి దొంగది" అన్నప్పుడు నోరు విప్పి ఉంటే ఆయన మీ ఊరు వచ్చేవాడే కాదు. తలనొప్పి అని రాసినాను చూడు, అదీ అబద్ధమే. తలనొప్పి లేదు, పాడు లేదు. భయం.

పద్మజ రిపోర్టు సంగతి రాసిన నీ జాబు చదివినాక ఆపుకోలేక మీ బావకు చెప్పినాను. ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత "ఈ మాట గడప దాటితే చూడు. ఇప్పుడు తప్పు మనదంటే నా ముఖం యాడ పెట్టుకోవల్ల? జనం రెండు దినాలు నగుతారు, మరిచిపోతారు. వానికి నేనే ఎట్లనో సర్ది చెప్తాలే" అన్నాడు. సరేనన్నాను. సరే అన్నానని రాయడానికే సిగ్గుగా ఉంది. నిన్ను ముంచి ఇంటి పరువు కాపాడుకుంటున్నానని తెలిసి కూడా సరే అన్నాను. రోజూ పొద్దున పొయ్యి ముందు కూర్చుంటే ఆ గిన్నె కనబడేది.

మొన్న శనివారం ఊళ్ళో ఆంజనేయస్వామి గుడి ముందర భోజనాలు. ఖర్చు మీ బావదే కాబట్టి మధ్యలో నిలబడి పెత్తనం చేస్తున్నాడు. నన్నూ పంక్తిలో కూర్చోబెట్టినారు. వడ్డన సగంలో ఉండగా మా వీధి మారుతి గట్టిగా అన్నాడు, "ఏమప్పా శ్రీరంగప్పా, మీ బామ్మర్ది సుద్దపిండి అంగడి మూసినాడా, ఇంకా నడుపుతాండాడా?" అని. పంక్తి పంక్తంతా నవ్వింది. మీ బావ కూడా నవ్వినాడు. ఆ నవ్వు చూసినాక ఇంక నేను కూర్చోలేకపోయినాను. కూర్చోలేకపోయినాను అన్నానే గానీ లేవలేను కదా. కూర్చునే మాట్లాడినాను.

"మారుతీ, ఆ పొడి మంచిదే. తప్పు నాది. నా తమ్ముడు ఎట్ల ఏసుకోవల్లో కాగితం మీద రాసిచ్చినాడు. నూనె తగిలిన అన్నం తిన్నాక ఏసుకోమన్నాడు. నేను స్వామికి మొక్కుకొని నూనె, నెయ్యి మానేసినా. ఒక్కపొద్దుండి కాలీ కడుపున మింగినా. అది ఒంటికి యాడ పడుతుంది? తమ్మునికి అబద్ధం రాసినా. అప్పుడు ఈయనకూ చెప్పలేదు. సంతలో వాని పరువు తీసింది ఈయన కాదు, నేను" అన్నాను.

నెయ్యి గిన్నె పట్టుకున్న సువర్ణ నా విస్తరి ముందు అట్లే నిలబడిపోయింది. ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టేదాన్ని కదా. "ఎయ్యి సువర్ణా" అన్నాను. వేసింది. గుడి వైపు చూసి మనసులో అనుకున్నాను, స్వామీ, నూనె నీకు మొక్కినాను, నెయ్యి మొక్కినాను, నా తమ్ముని పరువు నీకు మొక్కలేదు కదా, అని. తిన్నాను.

తర్వాత నన్ను లేపడానికి మళ్ళీ ఇద్దరు రావాల్సి వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

హేమ ఇదంతా ఫోన్లో తీసింది. నేనే తీయమన్నాను. ఆ గ్రూపుల్లోకే పంపించమన్నాను. ఈ జాబుకంటే ముందే నీకు చేరి ఉంటుంది. మీ బావ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటున్నాడు, అంతే.

నన్ను క్షమించమని అడగను. నువ్వు మంచోడివి కాబట్టి క్షమిస్తావు, అందుకే అడగాలంటే సిగ్గు.

బయమ్మ


కొత్తచెరువు,
వినాయకచవితి అయ్యాక.

అక్కా,

వీడియో ముందు చూశాను, జాబు తర్వాత చదివాను. వీడియోలో నువ్వు నెయ్యి వేయించుకుంటుంటే పద్మజ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నీ మీద కాదు. మందులు ఏ పూట, ఏ తిండితో అని అంత వివరంగా రాసినవాడిని, నువ్వు ఏం తింటున్నావో ఒక్కసారి వచ్చి చూడలేదు కదా అని.

ఇప్పుడు బావ సంగతి విను. నీకు చెప్పి ఉండడు.

నిన్నటి సంతకు వచ్చాడు. అంతకు ముందు నిలబడిన చోటే నిలబడ్డాడు. జనం పక్కకు జరిగారు, మళ్ళీ గొడవేమోనని. బల్ల మీద చెయ్యి పెట్టి, "దేవేంద్రా, డి విటమిన్ పొడి ఇయ్యి. ఎట్ల ఏసుకోవల్లో చెప్పు. గట్టిగా చెప్పు, పోయినసారి మా ఇంట్లో సరిగ్గా ఇనలేదు" అన్నాడు. నేను చెప్పాను. "ఏం తిన్నాక?" అన్నాడు. "నూనె, నెయ్యి తగిలిన అన్నం తిన్నాక బావా." "దినామూనా?" "కాదు, వారానికి ఒక్కటే." అప్పుడు జనం వైపు తిరిగి, "ఇంటాండారా? మా బామ్మర్ది చెప్పినట్ల ఏసుకుంటే పనిచేస్తాది. నా మాదిరి అరిస్తే పని చెయ్యదు" అన్నాడు. క్షమించమనలేదు. ఆ మాట ఆయన నోట్లో తిరగదు. చెవులు మాత్రం ఎర్రగా అయిపోయాయి. అన్నం తిన్నాడు. పద్మజను రెండోసారి చారు అడిగాడు. బీపీ మాత్రల ముసలామె కూడా సాయంత్రం వచ్చింది.

ఆ రాత్రి హాయిగా నిద్రపోవాలి కదా. పట్టలేదు. బావ వచ్చి నిలబడ్డాడు, నువ్వు పంక్తిలో కూర్చుని చెప్పావు, మరి నేను పుల్లన్నకు ఏం చేశాను? ఏజెన్సీకి ఒక్క ఫోన్ చేసి ఊరుకున్నాను. వాళ్ళు "లైను తీసేసినాక అతనే పని మానుకున్నాడు సార్" అన్నారు. అదే చాలనుకున్నాను.

పొద్దున ధర్మవరం పోయాను. అతను వాళ్ళ బావ మగ్గం ఇంట్లో కండెలు చుడుతున్నాడు. చీరల పేకకు పట్టునూలు చుట్టే పని. నన్ను చూసి లేచాడు, కూర్చోమన్నాడు, మళ్ళీ తన పని తాను చేసుకుంటున్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. తప్పయిపోయింది పుల్లన్నా అన్నాను. చేతులు పట్టుకోబోయాను. అతను నూలు తెగకుండా చేతులు పక్కకు తీసుకుని, "సరే సార్. కానీ ఆ పొద్దు అంగడి ముందర ఉన్న జనం ఈడ లేరు గదా" అన్నాడు.

అంతే అన్నాడు. కోపంగా కాదు, ఉన్న మాట అన్నట్లు. నలుగురిలో చొక్కా పట్టుకుని, నాలుగు గోడల మధ్య తప్పయిందన్నాను. వచ్చే సంతకు రమ్మని అడిగాను. ఆ బల్ల ముందరే, అందరూ వింటుండగా చెబుతానన్నాను. వస్తానని అనలేదు, చూస్తానన్నాడు.

అతను వచ్చినా రాకపోయినా నేను చెబుతాను. కానీ అక్కా, నీకైతే ఎలా వచ్చిందో ఆ ధైర్యం, నేను ఇప్పటి నుంచే ఆ మాటలు కాగితం మీద రాసుకుంటూ కొట్టేస్తున్నాను. నువ్వు వచ్చి అంగడిలో కూర్చుంటే బాగుంటుంది.

దేవేంద్ర


బెళుగుప్ప,
బుధవారం.

దేవేంద్రా,

సంతనాటికి వస్తున్నాం. అంగడిలో నాకు కుర్చీ వేయకు, మెట్టు మీద కూర్చుంటాను. ఇప్పటికీ గోడ పట్టుకునే లేస్తున్నాను గానీ మనుషుల్ని పట్టుకోవడం తగ్గింది. ఆ గిన్నెను తోమి పైన పెట్టేసినాను. తిరగవాత పెట్టిన పప్పే అందరితో పాటు కూర్చుని తింటున్నాను. పొడి ఆదివారానికి మార్చుకున్నాను, ఆ పూట మీ బావే పక్కన కూర్చుని "నెయ్యి పడిందా?" అని అడిగి మరీ ఇస్తున్నాడు.

ధైర్యం అన్నావు. ధైర్యం కాదురా, ఇంక సిగ్గు మోయలేక చెప్పినాను.

నీ జాబు మీ బావకు చదివి వినిపించినాను. పుల్లన్న మాట దగ్గర "మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివినాను. తర్వాత, "ఆ బల్ల ముందర నిలబడితే ఎట్ల ఉంటాదో నీ తమ్మునికి తెలీదు. నాకైతే అలవాటైంది. వాడు మాట్లాడేటప్పుడు నేను పక్కన నిలబడతాలే" అన్నాడు.

పద్మజను అన్నం ఎక్కువ వండమను. పుల్లన్న వస్తే అతనూ మనతోనే తింటాడు.

అక్క